లెన్స్ ఏది కొనాలి, ఎడిటింగ్ దేంట్లో చెయ్యాలి: కొత్తగా కెమెరా పట్టినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఉద్యోగం వేరు, సెలవు దొరికితే చాలు కెమెరా పట్టుకుని బయటికి వెళ్తాను. అందుకని కొత్తగా కెమెరా కొన్న చుట్టాలు, ఆఫీసువాళ్లు, వాళ్ల పిల్లలు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరు అడిగినా ముందు నేను మూడు సంగతులు కనుక్కుంటాను: ఎక్కడ తీస్తారు, అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది, మీకూ మీరు తీసేదానికీ మధ్య దూరం ఎంత. ఈ మూడూ తెలిస్తే ఏ లెన్స్ కావాలో సగం తేలిపోతుంది, తెలియకపోతే లక్ష పెట్టి కొన్నా బీరువాలోనే ఉంటుంది. కింద చెప్పిన లెక్కలన్నీ ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ (ఫిల్మ్ స్థానంలో ఉండి వెలుతురు పట్టే చిప్పు) ఉన్న కెమెరాలకు, అంటే మనలో ఎక్కువమంది మొదట కొనే కెమెరాలకు.

కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్ దండగ అంటున్నారు, అమ్మేయమంటారా?

వద్దు. పగటిపూట అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/8 పెట్టి తీస్తే ఆ లెన్స్ ఇచ్చే ఫోటో చూసి మీరే ఆశ్చర్యపోతారు. అమ్మితే వచ్చేది కూడా చాలా తక్కువ. దాని ఇబ్బంది చీకటి పడ్డాక మొదలవుతుంది, ఎందుకంటే 55 దాకా జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/1.8 లెన్స్ దానికి సుమారు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పిల్లవాడి ఫోటోకి కిట్ లెన్స్ (కెమెరాతో వచ్చిన ఈ 18-55) ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 6400 అడిగితే, అదే షట్టర్ స్పీడుకి (షట్టర్ తెరిచి ఉండే సమయానికి) ఎఫ్/1.8 లెన్స్‌కి 640 చాలు.

అందరూ 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమంటున్నారు. కళ్లు మూసుకుని కొనేయొచ్చా?

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 50 ఎంఎం మంచి లెన్స్, చౌక, తేలిక, ముఖం తీస్తే వెనక అంతా మెత్తగా బ్లర్ అయిపోతుంది. కానీ ఆ పేరు ఫిల్మ్ కెమెరాల కాలంలో, ఇప్పుడు ఫుల్‌ఫ్రేమ్ అంటున్న పెద్ద సైజు మీద వచ్చిన పేరు. మన కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి నికాన్, సోనీల మీద అది 75 లాగా, క్యానన్ మీద 80 లాగా ప్రవర్తిస్తుంది, అంటే ఇంకా దగ్గరగా, ఇరుకుగా చూపిస్తుంది.

అది ఇంట్లో ఎలా ఉంటుందో లెక్క వేసి చూడండి. మామూలు అపార్ట్‌మెంట్ హాల్లో గోడకు ఆనుకుని నిలబడితే ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎనిమిది అడుగుల దూరంలో ఉంటారనుకుందాం. అంత దూరంలో 50 ఎంఎంకి అడ్డంగా పట్టేది మూడున్నర, మరీ అయితే మూడు ముప్పావు అడుగులు. అంటే ఒక మనిషి, పక్కన ఇంకో మనిషి భుజం. 35 ఎంఎం అయితే ఐదు అడుగుల పైనే వస్తుంది, అమ్మా నాన్నా ఒడిలో పాప, ముగ్గురూ పడతారు. 24 ఎంఎం అయితే ఏడు అడుగుల పైన, సోఫా మొత్తం వస్తుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇంట్లో పిల్లల ఫోటోల కోసం 50 కొని, బాల్కనీలోకి వెనక్కి వెనక్కి నడిచి, ఆఖరికి విసుగొచ్చి మళ్లీ ఫోన్ తీసినవాళ్లు చాలామంది ఉన్నారు.

కాబట్టి ఇంట్లో, పుట్టినరోజుల్లో, ఊళ్లో అరుగుల మీద తీసేవాళ్లకి నా ఓటు 35 ఎంఎంకే. నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాళ్లకి 2009 నుంచి ఉన్న ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ ఇప్పటికీ బంగారంలాంటి లెన్స్. క్యానన్ డీఎస్ఎల్ఆర్ అయితే ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం చూడండి, అప్పడంలా పల్చగా ఉంటుంది, జేబులో పడుతుంది. బయట డాబా మీద, పొలం గట్టు మీద, ఒక్కో మనిషిని నిలబెట్టి తీస్తామంటే మాత్రం 50 కొనండి, అక్కడ వెనక్కి నడవడానికి కావలసినంత చోటు ఉంటుంది.

35 కావాలో 50 కావాలో నాకే తెలియడం లేదు, ఎలా తేల్చుకోవాలి?

కిట్ లెన్స్‌తో ఇప్పటిదాకా తీసిన వాటిలో మీకు బాగా నచ్చినవి ఒక వంద విడిగా పెట్టండి. ప్రతి ఫోటోలో దాన్ని ఏ ఫోకల్ లెంగ్త్ (ఆ ఎంఎం అంకె) దగ్గర తీశారో నమోదై ఉంటుంది, కంప్యూటర్లో ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిస్తే కనిపిస్తుంది. ఎక్కువ ఫోటోలు ఎక్కడ గుమిగూడాయో చూడండి. 18 నుంచి 24 మధ్య ఉంటే మీకు వైడ్ ఇష్టం, అన్నీ 55 దగ్గర ఆగిపోయి ఉంటే మీకు ఇంకా జూమ్ కావాలి. ఆ తర్వాత ఒక వారం పాటు జూమ్ రింగు 35 దగ్గర పెట్టి, కదలకుండా టేపు అంటించి, దాంతోనే తిరగండి. రూపాయి ఖర్చు లేదు. యూట్యూబ్‌లో ఇరవై రివ్యూలు చూసినా తెలియనిది ఆ వారంలో తెలుస్తుంది.

పాత నికాన్ లెన్స్ సగం ధరకే వస్తోంది, నాది డీ3500. తీసుకోనా?

లెన్స్ మీద రాసిన అక్షరాలు చదివాకే తీసుకోండి. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే అమరిక) 1959 నుంచి ఉంది కాబట్టి బిగించడానికి చాలా లెన్స్‌లు బిగుస్తాయి, కానీ ఫోకస్ సంగతి వేరు. 50 ఎంఎం ఎఫ్/1.8డీ లాంటి వాటిలో ఫోకస్ మోటార్ ఉండదు, కెమెరా బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డీ3000, డీ5000 వరసల్లో ఆ మోటార్ లేదు, కాబట్టి చేత్తో తిప్పుకోవాల్సిందే. డీ7200, డీ7500 వాళ్లకి ఈ బెంగ లేదు. మీరు లెన్స్‌లోనే మోటార్ ఉండే, ఏఎఫ్-ఎస్ అని ఉన్నది చూసుకోండి. ఇంకో చిక్కు ఏఎఫ్-పీ అన్న లెన్స్‌లది: డీ90, డీ3100, డీ3200, డీ7000 లాంటి పాత బాడీల మీద అవి అసలు ఫోకస్ చెయ్యవు. క్యానన్‌లో ఈ గొడవ లేదు, 1987 నుంచీ ఈఎఫ్ లెన్స్‌లన్నిటిలో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకి మారితే పాత లెన్స్‌లన్నీ పారేయాలా?

అక్కర్లేదు. మిర్రర్‌లెస్ మౌంట్లు క్యానన్ ఆర్‌ఎఫ్, నికాన్ జెడ్ రెండూ 2018లో వచ్చాయి, రెండిటికీ పాత లెన్స్‌లు తగిలించుకునే అడాప్టర్లు ఉన్నాయి. క్యానన్ ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్ మీద హాయిగా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్లో మాత్రం మోటార్ లేదు, పైన చెప్పిన డీ రకం లెన్స్‌లు అక్కడ కూడా చేత్తోనే.

పక్షుల ఫోటోలు తియ్యాలని ఉంది. 300 ఎంఎం చాలుతుందా?

ఏ పక్షి, ఎంత దూరం అన్నదాన్ని బట్టి. 300 ఎంఎంతో ఇరవై మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు సుమారు మీటరున్నర. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు (పెలికాన్) అంత దూరంలో వాలితే ఫ్రేము నిండుతుంది. అదే కరెంటు తీగ మీద పాలపిట్ట అయితే ముప్పై సెంటీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది కాబట్టి ఫ్రేములో ఐదో వంతు, లకుముకి పిట్ట అయితే ఇంకా చిన్న చుక్క. అందుకే మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది, ముందు పెద్ద పక్షులు దగ్గరగా కనిపించే చోటికి వెళ్లండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీదే పక్షులుంటాయి. కొల్లేటి దగ్గర ఆటపాక ఉంది. చలికాలం నేలపట్టు, అక్కడి నుంచి పులికాట్ సరస్సు. ఈ చోట్లలో క్యానన్ 55-250 ఎస్‌టీఎం, నికాన్ 70-300 లాంటి మామూలు లెన్స్‌తోనే మంచి ఫోటోలు వస్తాయి. పులికాట్ రాజహంసలు (ఫ్లెమింగోలు) మాత్రం నీళ్లలో బాగా దూరంగా నిలబడతాయి, అక్కడ పక్షి ముఖం కోసం పాకులాడకుండా గుంపునీ నీటినీ ఆకాశాన్నీ కలిపి తియ్యండి.

గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. మీరు ఇంకో పది అడుగులు ముందుకు వేస్తే తల్లి పక్షి లేచిపోతుంది, గుడ్లు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. ఏ ఫోటో కోసమైనా సరే, ఆ పని చెయ్యొద్దు.

ఎగిరే పక్షికి షట్టర్ స్పీడు 1/1600 దాకా కావాలి. కాబట్టి తెల్లవారిన గంట తర్వాత నుంచి వెలుతురు బాగుంటుంది, మరీ చీకటితో వెళ్తే ఈ లెన్స్‌లు తట్టుకోలేవు.

18-200 లాంటి ఒకే లెన్స్ కొనేసుకుంటే సరిపోదా?

తీర్థయాత్రలకి, పిల్లలతో ప్రయాణాలకి సరిపోతుంది. చీకట్లో మాత్రం కిట్ లెన్స్ కష్టాలే.

మా ఇంట్లో పెళ్లి, రాత్రి ముహూర్తం. ఫోటోల మీద నల్లటి చారలు వస్తున్నాయి, కెమెరా పాడైందా?

పాడవలేదు, అది ఎల్‌ఈడీ లైట్ల పని. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, చాలా లైట్లు దాంతో పాటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. షట్టర్ 1/500 పెడితే ఆ తగ్గిన క్షణం ఫోటోలో చారగా పడుతుంది. 1/100 పెట్టండి, అప్పటికీ చారలు ఉంటే 1/50కి దిగండి. కెమెరా మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేసుకోండి.

జీలకర్ర బెల్లం క్షణానికి మీరు చోటు చూసుకోవడం లెన్స్ కంటే ముఖ్యం. ఆ రెండు నిమిషాలు మండపం మీద పురోహితుడు, రెండు కుటుంబాల పెద్దలు, స్టూడియోవాళ్లు ముగ్గురు, వీడియో లైటు అన్నీ ఒకేసారి కమ్ముకుంటాయి. మీరు ఇంటి మనిషి కాబట్టి మండపం ఎక్కడం మానేసి, కింద పక్కగా నిలబడి 50 ఎంఎం ఎఫ్/1.8తో చూసేవాళ్ల ముఖాలు తియ్యండి. అమ్మాయి తండ్రి కళ్లు తుడుచుకునే ఫోటో స్టూడియోవాళ్లకు దొరకదు, వాళ్లు అటు తిరిగి ఉంటారు.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొంటున్నాను, ఏం చూడాలి?

ముందు ఫంగస్. లెన్స్‌ని కెమెరా నుంచి తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటివి, మంచు పువ్వుల్లాంటివి లోపల కనిపిస్తే వదిలేయండి, ఎంత చౌకైనా సరే. రెండు మూడు దుమ్ము కణాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఫోటోలో రావు. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి, జూమ్ రింగు గరగరలాడకుండా తిరుగుతోందా చూడండి. తర్వాత ఇటుక గోడకి సూటిగా నిలబడి పెద్ద అపర్చర్‌తో ఒక ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి పోల్చండి. ఒక మూల మాత్రమే అలుక్కుపోయి ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడిందని అనుమానించాలి. ఇదంతా అమ్మే మనిషి ముందే చెయ్యండి, మొహమాటపడొద్దు.

ఫంగస్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర. నా మొదటి జూమ్ లెన్స్‌ని ఎంతో జాగ్రత్త అనుకుని తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచాను. రెండు వర్షాకాలాలు గడిచాక తీస్తే లోపలి అద్దం మీద బూజు. శుభ్రం చేయించాను, బూజు పోయింది గానీ అది తినేసిన కోటింగ్ తిరిగి రాలేదు, ఎదురు వెలుతురులో ఫోటో తీస్తే ఇప్పటికీ పాలపొరలా వస్తుంది. నా మొదటి జీతాల్లోంచి దాచి కొనుక్కున్న లెన్స్ అది, ఆ బాధ ఇంకా ఉంది.

కాకినాడైనా విశాఖైనా వర్షాకాలంలో హైదరాబాదైనా తోలు సంచీ, గుడ్డ సంచీ వద్దు. వంటింట్లో వాడే, రబ్బరు అంచుతో గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, లోపల సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు, మరీ ఎండబెట్టకండి. నీలం రంగు జెల్ గులాబీకి మారిందంటే తేమ పీల్చేసిందని అర్థం, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. వీటన్నిటి కంటే మంచి మందు లెన్స్‌ని తరచూ బయటికి తీసి వాడడం.

యూవీ ఫిల్టర్ కావాలా?

లెన్స్ ముందు బిగించే ఈ అద్దం ఫోటో కోసమైతే అక్కర్లేదు. బీచ్‌లో ఇసుక, ఉప్పు జల్లు పడే చోట రక్షణగా పెట్టుకోండి. రాత్రి దీపాల ఫోటోలు తీసేటప్పుడు ఫిల్టర్ విప్పేయండి, లేకపోతే దీపం ప్రతిబింబం తలకిందులుగా ఇంకోచోట కనిపిస్తుంది. అదే డబ్బుతో లెన్స్ ముందు గొడుగులా తగిలించే లెన్స్ హుడ్ కొంటే ఎక్కువ మేలు.

రా ఫైలా, జేపెగ్గా?

కుదిరితే రెండూ. రా అంటే సెన్సర్ పట్టినదంతా ఉన్నట్టే దాచిన ఫైలు, జేపెగ్ అంటే కెమెరాయే సరిచేసి కుదించిన ఫోటో. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి, 14 బిట్ రా ఫైల్లో 16384. తెల్ల పంచె వెలిసిపోయినా, ముఖం నీడలో పడినా వెనక్కి లాగడానికి ఆ మెట్లే పనికొస్తాయి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో రా ఫైలు పాతిక ఎంబీ చుట్టూ ఉంటుంది, కార్డు పెద్దది పెట్టుకోండి.

ఎడిటింగ్‌కి లైట్‌రూమ్ తప్పదా? నెలనెలా కట్టడం కష్టం.

తప్పదని ఏమీ లేదు. అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 2007లో వచ్చింది, బాగుంటుంది, నేర్పే వీడియోలు తెలుగులో కూడా దొరుకుతాయి. కానీ 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 తర్వాత ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే వెర్షన్ లేదు, ఇప్పుడంతా అద్దె. అద్దె ఆపేస్తే పాత ఫోటోలు తెరిచి చూసుకోవచ్చు గానీ ఎడిట్ చేసే డెవలప్ భాగం మూసుకుపోతుంది.

ముందు మీ కెమెరా కంపెనీ ఉచితంగా ఇచ్చేది వాడండి: నికాన్‌కి ఎన్ఎక్స్ స్టూడియో, క్యానన్‌కి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్. మీ కెమెరా రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి, నేర్చుకోవడం ఒక్క సాయంత్రం పని. అవి చాలవనిపిస్తే డార్క్‌టేబుల్, రా థెరపీ ఉన్నాయి. రెండూ పూర్తిగా ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి. డార్క్‌టేబుల్ మొదటి వారం భయపెడుతుంది, అన్ని మాడ్యూళ్లు చూసి చాలామంది మూసేస్తారు. ఎక్స్‌పోజర్ (ఫోటో మొత్తం వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేయడం), క్రాప్, నాయిస్ తగ్గించే డీనాయిస్ ప్రొఫైల్డ్, ఈ నాలుగే నెల రోజులు వాడండి, మిగతావి ఉన్నట్టే అనుకోకండి. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ది వేరే పని, అది రా ఫైళ్లను తనంతట తాను తెరవదు. ఫోటోలో అడ్డొచ్చిన కరెంటు తీగ చెరపడానికి, అక్షరాలు పెట్టడానికి వాడుకోండి.

కంప్యూటర్ లేకపోతే ఫోన్లో స్నాప్‌సీడ్ చాలు, ఉచితం.

ఒక్క మాట మాత్రం వినండి. క్రాక్ చేసిన లైట్‌రూమ్ వేసుకోవద్దు. దాంతో పాటు ఏ వైరస్ వస్తుందో తెలియదు, మీ పిల్లల పదేళ్ల ఫోటోలు ఆ కంప్యూటర్లోనే ఉంటాయి.

ఎడిటింగ్‌లో ముందు ఏది, తర్వాత ఏది?

ఫోటోలు ఏరుకోవడమే ముందు. మూడు వందలు తీస్తే ముప్పై మిగలాలి, మిగతా వాటి మీద టైమ్ పెట్టొద్దు. తర్వాత వంకర సరిచేసి క్రాప్, తర్వాత వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, వెలిసిన చోట్లు తగ్గించడం, నీడలు ఎత్తడం, చివర రంగులు. షార్ప్‌నెస్ అన్నిటికంటే చివర. అయ్యాక ఫోటో పక్కన పెట్టి మర్నాడు పొద్దున చూడండి, రాత్రి చేసిన రంగులు సగానికి తగ్గించాలనిపిస్తుంది.

మనుషుల ఫోటోలు ఎడిట్ చేసేటప్పుడు ముఖం తెల్లగా చెయ్యమని ఇంట్లో అడుగుతున్నారు. ఎలా చెయ్యాలి?

చెయ్యొద్దని నా మనవి. ఈ ప్రశ్నకి నేను ఎప్పుడూ ఇదే జవాబు చెబుతాను. మన స్టూడియోలకి ఎన్నో ఏళ్లుగా అలవాటైపోయింది, చామనఛాయ అమ్మాయి పెళ్లి ఆల్బమ్‌లో సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది, ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు, పక్కన నిలబడ్డ సొంత చెల్లెలు ఇంకో రంగు. ఆ అమ్మాయి ఆల్బమ్ తెరిచి చూసుకున్న ప్రతిసారీ నీ రంగు బాగాలేదని ఎవరో చెప్పినట్టే కదా.

నిజానికి చాలాసార్లు వాళ్లు అడుగుతున్నది తెలుపు కాదు, వెలుతురు. ఫోటోలో ముఖం చీకటిగా వచ్చింది, దాన్ని వాళ్లు నలుపు అంటున్నారు. కెమెరా ఫ్రేములో ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిద రంగు చెయ్యాలని చూస్తుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా ఎక్కువగా ఉంటే ఫోటో మొత్తాన్ని తగ్గించేస్తుంది, దాంతో పాటు ముఖమూ తగ్గుతుంది. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుతురుని పెంచే, తగ్గించే సెట్టింగ్) +0.7 పెట్టండి, లేకపోతే స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుతురే కొలిచే పద్ధతి) పెట్టి ముఖం మీద కొలవండి. మనిషిని కిటికీ వైపు తిప్పండి. నల్లటి చర్మం మీద పక్క నుంచి పడే కిటికీ వెలుతురు ఇచ్చే నిగనిగ ఏ స్లైడరూ ఇవ్వలేదు.

ఎడిటింగ్‌లో ముఖం వరకే మాస్క్ గీసి, అంటే ఆ చోటు ఒక్కటే ఎంచుకుని, ఎక్స్‌పోజర్ 0.3 పెంచితే చాలు. ఎర్ర పట్టుచీర ఛాయ గడ్డం కింద పడితే అక్కడ ఎరుపు కొద్దిగా తగ్గించండి. నలుగు, పసుపు ఫోటోల్లో ఆటో వైట్ బ్యాలెన్స్ పసుపుని చల్లార్చేస్తుంది, దాన్ని నమ్మకుండా తెల్ల గోడనో పంచెనో చూపించి మీరే సరిచేసుకోండి. చర్మం నున్నగా చేసే స్లైడర్ ముట్టుకోకండి. తాతగారి ముఖం మీద ముడతలు పోతే అది తాతగారి ఫోటో కాదు.

స్క్రీన్ మీద బాగున్న ఫోటో ప్రింటు వేయిస్తే నల్లగా వచ్చింది, ల్యాబ్ తప్పా?

ఎక్కువసార్లు మీ స్క్రీన్ వెలుతురు ఎక్కువై అలా జరుగుతుంది. కాగితం తనంతట తాను వెలగదు. స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండూ ఒకేలా కనిపించేదాకా సరిచేసి ఆ తర్వాత ఎడిట్ చెయ్యండి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ చెయ్యండి. 8x12 అంగుళాల ప్రింటుకి 2400x3600 పిక్సెళ్లు ఉంటే చాలు, కాబట్టి మెగాపిక్సెళ్ల గురించి టెన్షన్ వద్దు. ల్యాబ్ వాళ్లని ఆటో కరెక్షన్ చెయ్యొద్దని ముందే చెప్పండి, లేకపోతే మీరు కష్టపడి నిలబెట్టిన చర్మం రంగుని అక్కడ మళ్లీ తెల్లగా చేసి ఇస్తారు. పెద్దది వేయించే ముందు అదే ఫోటోని 4x6లో ఒకటి తీయించి, పగటిపూట కిటికీ దగ్గర పట్టుకుని చూడండి, అప్పుడు ఆర్డర్ ఇవ్వండి.